దిండు కాని కడుపు

పోయిన వారం కథలో మనం రోస్లిన్‌ని ఎఫీ అత్త ఇంటి వెనకగదిలో వదిలాం. క్రిస్మస్ ముందు వచ్చిన ఆఖరి స్టీమరులో ఆమె తన ఊరు ఫిడ్లర్ కోవ్ చేరింది. చీకటి పడ్డాక, ఉప్పు బస్తాల చాటున దిగింది. ఊళ్లో ఉన్నట్టు ఎఫీ అత్తకి తప్ప ఎవరికీ తెలియదు. తండ్రి హెడ్లీ వార్డీ ఇల్లు అక్కడికి కూతవేటు దూరం. పండక్కి ఆ ఇంట్లో అందరూ చేరారు, రోస్లిన్ తప్ప. సెయింట్ జాన్స్‌లో టెలిఫోన్ ఎక్స్ఛేంజి వాళ్లు ఆమెకి సెలవివ్వలేదని ఇంట్లోవాళ్లు అనుకుంటున్నారు. వాళ్లకి అలా చెప్పింది, సెయింట్ జాన్స్‌లో ఆమెని తన ఇంట్లో పెట్టుకున్న అక్క మార్జొరీ.

ఉన్న సంగతి ఇదీ. రోస్లిన్‌కి పెళ్లి కాలేదు. ఎనిమిదో నెల నడుస్తోంది. మార్జొరీకి పెళ్లై తొమ్మిదేళ్లు. మూడుసార్లు కడుపు నిలవలేదు. సెప్టెంబరులో అక్కచెల్లెళ్లు ఒక మాట అనుకున్నారు. పుట్టే బిడ్డ మార్జొరీ బిడ్డగా పెరుగుతుంది. చెల్లెలి పేరు పాడవదు, అక్క ఉయ్యాల ఖాళీగా ఉండదు. ఆ నెల నుంచి మార్జొరీ గౌను కింద దిండు కట్టుకుంటోంది. వారాలు గడిచేకొద్దీ అందులో ఈకలు కూరి పెంచుతోంది. ఇది తెలిసిన మూడో మనిషి ఆమె భర్త చెస్లీ. రోస్లిన్ మనసు మార్చుకుందని మాత్రం ఆ ఇద్దరికీ తెలియదు. బిడ్డని ఇవ్వలేనని తల్లితో చెప్పాలి, పుట్టకముందే చెప్పాలి. అందుకే వచ్చింది.

ఆ కడుపుతో, మొహం కనబడేలా, తండ్రి గుమ్మం ఎక్కే ధైర్యం ఆమెకి లేదు. దారి ఎఫీ అత్త చెప్పింది. క్రిస్మస్ మర్నాటి నుంచి ఊళ్లో వేషగాళ్లు తిరుగుతారు. ఆడవాళ్లు మగ బట్టలు, మగవాళ్లు ఆడ బట్టలు కట్టి, వీపుకీ పొట్టకీ దిండ్లు కట్టుకుని, మొహాన ముసుగేసుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. తలుపు తట్టిన వేషగాణ్ణి ఎవరూ కాదనరు. ఎవరో కనిపెట్టేదాకా ముసుగు మీద చెయ్యి వేయరు. కనిపెట్టి పేరు చెబితే ముసుగు తీయాలి, తీసినవాళ్లకి రమ్ము, కేకు పెట్టాలి. ఆ హడావుడిలో తల్లి చెయ్యి పట్టుకుని వంటింటి పక్క సామాన్ల కొట్లోకి లాక్కుపోవచ్చు. అదీ ఎఫీ అత్త ఉపాయం.

క్రిస్మస్ మర్నాడు భోజనాలయ్యాక హెడ్లీ వంటింట్లో పొయ్యి పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఆయన తమ్ముళ్లు, వాళ్ల పెళ్లాం పిల్లలు గోడ వెంబడి బల్లల మీద కూర్చున్నారు. కొడుకు గార్లండ్ అకార్డియన్ వాయిస్తున్నాడు. మార్జొరీని కిటికీ కింద మంచం మీద కూర్చోబెట్టి శాలువా కప్పారు. పండక్కి వచ్చిన దగ్గర నుంచి తల్లి ట్రిఫీ ఆమెని కెటిల్ ఎత్తనివ్వలేదు, నీళ్లకి వెళ్లనివ్వలేదు. ఆ సాయంత్రం కూడా ఆమె గిన్నెలు తీయబోతే పినతల్లులు గదమాయించి కూర్చోబెట్టారు. బిడ్డ కదులుతోందా అని ఎవరో అడిగారు. కదులుతోందని మార్జొరీ చెప్పింది. ఎటువైపు అని అడిగారు. ఎడమవైపు అంది. చెస్లీ లేచి పొయ్యిలో కట్టె వేశాడు. అంతకుముందే వేసిన కట్టె ఇంకా అంటుకోలేదు.

బయట కర్రతో తలుపు కొట్టారు. ఊపిరి లోపలికి పీలుస్తూ ఒక గొంతు అడిగింది.

"వేషగాళ్లని రానిస్తారా?"

ఊపిరి వదులుతూ మాట్లాడితే గొంతు తెలిసిపోతుంది. పీలుస్తూ మాట్లాడితే ఆడో మగో కూడా తెలియదు. ఆ ఊళ్లో పిల్లలకి నడకతో పాటే అదీ పట్టుబడుతుంది.

హెడ్లీ రమ్మన్నాడు. ఇద్దరు వచ్చారు. ముందువాడు జాలర్ల నూనెగుడ్డ వానకోటు వేసుకున్నాడు. వీపున గూని ఉంది, ముసుగు కింద గొర్రె ఉన్ని గడ్డం వేలాడుతోంది. రెండోవాడు ప్యాంటు మీద ఓవర్‌కోటు వేసుకుని నడుముకి తాడు కట్టుకున్నాడు. తలమీంచి భుజాల దాకా కిటికీ తెర కప్పుకున్నాడు. కోటు గుండీలు పొట్ట మీద కలవలేదు.

హెడ్లీ ముందువాణ్ణి గుమ్మం నుంచి పొయ్యి దాకా నడవమన్నాడు. సగం దూరం నడిచేసరికి ముసుగు తియ్యమన్నాడు.

"ఎడమకాలు ఈడుస్తున్నావు, ఎఫీ. కాలు ఇంటి దగ్గర పెట్టి రావాల్సింది."

"నాలుగడుగులు కూడా వేయనివ్వవు గదయ్యా," అని ఎఫీ అత్త గడ్డం పీకి బల్ల మీద పెట్టి, గ్లాసు కోసం చెయ్యి చాచింది.

రెండోవాడి దగ్గర హెడ్లీకి ఆట సాగలేదు. వలలు వేసే రూబెన్ అన్నాడు. ముసుగు అడ్డంగా ఊగింది. కొట్టు గుమాస్తా అన్నాడు. ఊగింది. కొత్త బడిపంతులు అన్నాడు. అదీ కాదు. తనకి తెలియకుండా ఏ వేషగాడూ తన గుమ్మం దాటి పోలేదని హెడ్లీ ఏటా చెప్పుకుంటాడు. తమ్ముళ్లు అది గుర్తు చేశారు. గార్లండ్ అకార్డియన్ భుజానికి తగిలించుకునే లేచి వేషగాడి చుట్టూ తిరిగాడు.

"దిండు చాలక పరుపు కట్టుకొచ్చాడు నాన్నా వీడు," అని పిడికిలితో పొట్ట మీద ఒక్కటి పొడిచాడు. "గట్టిగా కూరావు గదరా."

అందరూ నవ్వారు. మార్జొరీ కూడా నవ్వింది. తర్వాత ఆమె నవ్వు ఆగిపోయింది. దిండుని పొడిస్తే లోపలికి పోతుంది. పిడికిలి తీశాక నెమ్మదిగా పైకి లేస్తుంది. అది మార్జొరీకి తెలిసినంతగా ఆ వంటింట్లో ఎవరికీ తెలియదు. ఈ పొట్ట లోపలికి పోలేదు. వేషగాడు రెండు చేతులూ దాని మీద పెట్టుకుని వెనక్కి జరిగాడు. చేతులకి ఉన్ని తొడుగులున్నాయి. చేతులు పెట్టుకున్న తీరు మాత్రం మార్జొరీకి తెలుసు. సెప్టెంబరు నుంచి తను అద్దం ముందు నిలబడి నేర్చుకున్నది అదే, చెల్లెల్ని చూసి.

వేషగాడు ట్రిఫీ దగ్గరికి వెళ్లి చెయ్యి పట్టుకున్నాడు. వేషగాడు చెయ్యి పట్టుకుంటే ఆ ఊళ్లో ఒకటే అర్థం, తనతో నాట్యం చేయమని. గార్లండ్ వెంటనే పాట ఎత్తుకున్నాడు, బల్లలు వెనక్కి జరిగాయి. ట్రిఫీ ఏప్రాన్ విప్పి పక్కన పడేసి వేషగాడి నడుం పట్టుకుని తిప్పడం మొదలుపెట్టింది. సామాన్ల కొట్టు వైపు లాగబోయిన రోస్లిన్‌ని పాట గది మధ్యకి తీసుకెళ్లింది. ఆమెకి పొద్దుట నుంచీ నడుం నొప్పిగా ఉంది. పడవ కుదుపులవల్ల అనుకుంది, ఎఫీ అత్తకి చెప్పలేదు. రెండో చుట్టులో ఆమె కాళ్లు ఆగాయి. తల్లి భుజం పట్టుకుంది. ఊపిరి లోపలికి పీల్చడం ఆమెకి గుర్తు రాలేదు.

"అమ్మా. ఆగు."

అకార్డియన్ మోతలో ఆ మాట ట్రిఫీకి ఒక్కదానికే వినిపించింది. ట్రిఫీ ఆగింది. ముసుగు వైపు చూసింది. ఆమె చెయ్యి ఇంకా కోటు తాడు మీద ఉంది. తాడు కింద ఏముందో ఆ చేతికి అప్పుడే తెలిసింది. ఆరుగుర్ని కన్న మనిషి. ఆమె పేరు చెప్పి ఉంటే ముసుగు తీయాల్సి వచ్చేది. ట్రిఫీ పేరు చెప్పలేదు. వేషగాడికి కళ్లు తిరుగుతున్నాయనీ, పొయ్యి వేడికి అలాగే ఉంటుందనీ పైకి అని, వెనక మెట్ల మీదుగా మేడ మీదికి తీసుకెళ్లింది. కనిపెట్టకుండా తీసుకెళ్లడం అన్యాయమని హెడ్లీ అన్నాడు.

మార్జొరీ శాలువా పక్కన పెట్టి లేచింది. చెస్లీ ఆమె మణికట్టు పట్టుకుని, ఏమైందని కళ్లతోనే అడిగాడు. ఆమె చెయ్యి విడిపించుకుంది. కడుపు మీద చెయ్యి పెట్టుకుని మెట్లెక్కుతున్న ఆమెని అందరూ చూశారు. కాసేపటికి మెట్ల పైనుంచి ట్రిఫీ వేడినీళ్లు కావాలనీ, మెట్ల చివర పెట్టి పొమ్మనీ, ఎవరూ పైకి రావద్దనీ కేకేసింది. వంటింట్లో పాట ఆగింది. నర్సు ఉండేది అఖాతం అవతల. ఆ గాలికి పడవ దాటదు. ఎవరి మట్టుకు వాళ్లు లెక్క కట్టుకున్నారు. అందరికీ లెక్క ఒక్కటే వచ్చింది.

"నెల ముందే వచ్చేస్తోందన్నమాట," అన్నాడు హెడ్లీ. "కూర్చో అల్లుడూ. మనం పైకి పోయి చేసేదేం లేదు."

చెస్లీ కూర్చున్నాడు. గార్లండ్ అతని చేతిలో గ్లాసు పెట్టాడు. తన భార్య గౌను కింద ఉన్నది ఈకలని ఆ వంటింట్లో అతనికి ఒక్కడికే తెలుసు. ఈకలకి వేడినీళ్లెందుకో అతనికి అర్థం కాలేదు. ఎఫీ అత్త వైపు చూశాడు. ఆమె కేకు నములుతోంది.

మేడ మీద తల్లిదండ్రుల మంచం మీద రోస్లిన్ పడుకుని ఉంది. కోటు, ప్యాంటు, కిటికీ తెర నేల మీద ఉన్నాయి. ట్రిఫీ ఎన్నో నెల అని మాత్రం అడిగింది. ఎనిమిది నిండలేదని రోస్లిన్ చెప్పింది. నొప్పులు ఎప్పటి నుంచని అడిగి, పొద్దుట నుంచి అనేసరికి, ఎవరివల్ల అన్న సంగతి తర్వాత మాట్లాడదామంది. అప్పుడు గుమ్మంలో మార్జొరీని చూసింది. కడుపుతో ఉన్న మనిషి కాన్పు చూడకూడదని, కిందికి పొమ్మని చెప్పింది.

మార్జొరీ కదల్లేదు. ఆమె చూస్తున్నది చెల్లెల్ని.

"నువ్వు సెయింట్ జాన్స్‌లో ఉండాలి గదా."

"ఉండలేకపోయా అక్కా."

"మాటిచ్చావు."

"ఇచ్చా. ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నా. అమ్మకి చెబుదామని వచ్చా."

ఏం మాట అని ట్రిఫీ అడిగింది. ఈలోగా నొప్పి వచ్చింది. నొప్పి తగ్గాక ట్రిఫీ ఇంకేం అడగలేదు. పరుపు మధ్యలో గుంటపడింది. నడుం పైకి లేస్తే గానీ పని జరగదు. కింద పెట్టడానికి ఒక దిండు కావాలంది. ఇంట్లో దిండ్లు లేవు. మర్నాటి వేషాల కోసం గార్లండ్ అన్నిటినీ పొద్దున్నే స్నేహితుల ఇంటికి మోసేశాడు. దుప్పటి మడిచి పెట్టింది. అది అణిగిపోయింది. కోటు పెట్టింది. అదీ నిలవలేదు.

మార్జొరీ గోడ వైపు తిరిగి గౌను గుండీలు విప్పింది. వీపు వెనక ముడి విప్పడానికి కొంచెం సేపు పట్టింది. తిరిగి వచ్చి దిండు తల్లి చేతిలో పెట్టింది.

ట్రిఫీ దాన్ని పట్టుకుని నిలబడింది. అది వెచ్చగా ఉంది. కూతురి గౌను మోకాళ్ల దాకా వదులుగా వేలాడుతోంది. ఆమె ఒకసారి మార్జొరీ వైపు, ఒకసారి మంచం వైపు చూసింది. తర్వాత వంగి, దిండు రోస్లిన్ నడుం కింద పెట్టి సర్దింది. అది సరిపోయింది. వంగే అడిగింది.

"ఎప్పటి నుంచే?"

"సెప్టెంబరు నుంచి."

"ఎవరి కాళ్లకనుకుని అల్లించావు నా చేత ఆ మేజోళ్లు?"

"ఈ బిడ్డ కాళ్లకే అమ్మా. అందులో అబద్ధం లేదు."

ట్రిఫీ దీపం దగ్గరికి జరిపింది. ఆ తర్వాత చాలాసేపు ఆమె చెప్పిన మాటలు ఊపిరి పట్టమనీ, వదలమనీ. మార్జొరీ చెల్లెలి తలవైపు నిలబడింది. నొప్పులు వచ్చినప్పుడు రోస్లిన్ ఆమె చెయ్యి పట్టుకుంది. తగ్గినప్పుడు మార్జొరీ చెయ్యి తీసేసుకుంది. మూడు నాలుగుసార్లు అలా జరిగాక, చెయ్యి తీసుకోకుండానే మాట్లాడింది.

"కింద అందరూ ఏమనుకుంటున్నారో తెలుసా నీకు? నాకు నొప్పులొచ్చాయనుకుంటున్నారు. దిండు నీ కింద ఉంది. ఇక నేనెలా దిగాలి కిందికి?"

"నిన్ను నలుగురిలో నిలబెట్టాలని రాలేదే నేను."

"మరెందుకొచ్చావు? ఒక ఉత్తరం రాయలేకపోయావా?"

"రాస్తే నువ్వే చదివేదానివి. చదివి, వద్దని సర్దిచెప్పేదానివి. నేను సరే అనేదాన్ని." రోస్లిన్ ఊపిరి తీసుకుంది. "నువ్వు పడవెక్కాక మీ ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నా. రాత్రి పూట ఇది తంతుంటే చెప్పుకోడానికి మనిషి లేదు. నువ్విక్కడ అమ్మ పక్కన కూర్చుని, కదిలింది, తన్నింది అని చెబుతుంటావని తెలుసు. ఇది తన్నేది నన్ను, తన్నిందని చెప్పేది నువ్వు. అక్కడ విరిగింది నా మనసు. ఏ మాటిచ్చానో అప్పుడు అర్థమైంది నాకు."

ఆ సాయంత్రం ఎటువైపు అని అడిగితే ఎడమవైపు అని చెప్పిన సంగతి మార్జొరీకి గుర్తొచ్చిందేమో తెలియదు. తర్వాతి నొప్పికి ఇద్దరికీ మాట్లాడే వీలు లేకపోయింది.

ఆడపిల్ల పుట్టింది. చిన్నగా ఉంది. వెంటనే ఏడవలేదు. ట్రిఫీ నోట్లో వేలు పెట్టి తుడిచి, తలకిందులుగా పట్టుకుని వీపు రుద్దింది. మార్జొరీ మంచం అంచు పట్టుకుని, ఊదమ్మా, ఊది చూడు, అంటోంది. ట్రిఫీ ఊదింది. పిల్ల ఏడ్చింది.

కింద నుంచి అరుపులు వినబడ్డాయి. అకార్డియన్ మోగింది. ఎవరో చెస్లీ పేరు పెట్టి పిలుస్తూ బల్ల చరిచారు.

ట్రిఫీ బొడ్డు కోసి, పిల్లని తుడిచి, తన కొడుకులకి వాడిన ఫ్లానెల్ గుడ్డలో చుట్టి రోస్లిన్ గుండె మీద పెట్టింది. పొయ్యి వేడి ఆ గదికి అందదు. నీళ్ల జగ్గు మీద ఊపిరి పడి ఆవిరి కట్టింది. నెలలు నిండని పిల్లని అక్కడ ఉంచితే తెల్లారదనీ, పొయ్యి దగ్గరికి చేర్చాలనీ ట్రిఫీ చెప్పింది. మాయ ఇంకా పడలేదు, తను మంచం వదిలి వెళ్లలేదు. రోస్లిన్ లేవలేదు.

మెట్ల కింద హెడ్లీ గొంతు వినబడింది. మార్జొరీ ఎలా ఉందని అడుగుతున్నాడు.

ట్రిఫీ గొంతు తగ్గించింది.

"ఆయనకి నేను అబద్ధం చెప్పను. అలా అని ఈ నిజం చెప్పాల్సింది నేనూ కాదు. మీరు చేసుకున్న ఒప్పందం ఇది. మీలో ఎవరో ఒకరు చెప్పండి."

ఇద్దరిలో మెట్లు దిగగలిగింది ఒక్కతే.

రోస్లిన్ పిల్లని కాసేపు చూసుకుంది. గుడ్డ అంచు దాని గడ్డం కిందికి మడిచింది. తర్వాత రెండు చేతులతో పైకెత్తి అక్కకి అందించింది.

"తీసుకెళ్లు. నీకేం చెప్పాలనిపిస్తే అది చెప్పు. ఈ రాత్రికి లేచొచ్చి కాదనే ఓపిక నాకు లేదు. రేపుంటుంది."

మార్జొరీ పిల్లని తీసుకుంది. తొమ్మిదేళ్లలో ఆమె ఎంతోమంది పిల్లల్ని ఎత్తుకుంది. ఎలా పట్టుకోవాలో ఎవరూ చెప్పక్కర్లేదు. ఆమె గది దాటి, మెట్ల మీద ఒక చెయ్యి గోడకి ఆనించి, ఒక్కొక్క మెట్టే దిగింది. పిల్ల ఏడుపు ఆపి నోటితో గుడ్డని వెతుక్కుంటోంది.

వంటింట్లో అందరూ లేచి నిలబడ్డారు. ఆమె గౌను ఖాళీగా వేలాడటం చూశారు. కాన్పయ్యాక ఉండాల్సింది అలాగే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. పినతల్లుల్లో ఒకామె, అప్పుడే లేచి నడుస్తున్నావేంటే అని కోప్పడి కుర్చీ తెచ్చింది. గార్లండ్ బావ వీపు మీద చరిచాడు. చెస్లీ గ్లాసులో రమ్ము సగం చొక్కా మీద పడింది. అతను పిల్లని చూశాడు, భార్యని చూశాడు. ఎలా అన్నది అతనికి తెలియదు, ఏం చేయాలో మాత్రం తెలుసు. సెప్టెంబరు నుంచి అనుకుంటున్నదే. నవ్వాడు. ఎఫీ అత్త ఒక్కతే నవ్వలేదు. ఆమె మెట్ల వైపు చూస్తోంది.

హెడ్లీ చేతులు ప్యాంటుకి తుడుచుకుని ముందుకు చాచాడు. మార్జొరీ కుర్చీలో కూర్చోలేదు. తండ్రి ఎదురుగా వెళ్లి నిలబడింది. అప్పటికప్పుడు ఏమీ చెప్పకపోయినా సరిపోయేది. ఊరుకుంటే చాలు, మిగతాది ఆ గదే చెప్పుకునేది. ఆమె పిల్లని తండ్రి చేతుల్లో పెట్టింది. తల కింద ఆయన అరచెయ్యి సరిగా ఉందో లేదో చూసి, అప్పుడు తన చేతులు తీసింది.

"ఆడపిల్ల నాన్నా. రోస్లిన్ కూతురు."

హెడ్లీకి ముందు పేరు అందలేదు. రోస్లిన్ సెయింట్ జాన్స్‌లో ఉంది గదా అన్నాడు.

"పైన ఉంది. నువ్వు కనిపెట్టలేకపోయిన వేషగాడు అదే. అది బాగానే ఉంది. పిల్లని పొయ్యి దగ్గర ఉంచమంది అమ్మ."

గార్లండ్ పిడికిలి వైపు చూసుకున్నాడు. హెడ్లీ మనవరాలి మొహం చూశాడు. పొయ్యి దగ్గరికి రెండడుగులు వేసి, కుర్చీలో కూర్చుని, పిల్లని మోకాళ్ల మీదికి తీసుకున్నాడు. గుడ్డ సర్దాడు. ఆయన ఏ పనైనా అలాగే చేస్తాడు, ఒకటి అయ్యాకే రెండోది. అది అయ్యాక తలెత్తి పెద్దకూతురి గౌను వైపు చూశాడు, చెస్లీ వైపు చూశాడు, మళ్లీ గౌను వైపు చూశాడు.

"సరే," అన్నాడు. "మరి నీదేదమ్మా?"